నెత్తురు మేడమ్

మొన్న నంద్యాల ఆసుపత్రిలో నాకు నెత్తురు తీశారు. కడుపులో బరువుగా ఉంటోందంటే లివరు పరీక్ష, అదే కార్జం పరీక్ష, రాశారు. తీసిన అమ్మాయి మంచిదే, సూది నొప్పి తెలియనివ్వలేదు. కానీ తీశాక పక్కమ్మాయితో కబుర్లు చెబుతూ ఆ గొట్టాన్ని గలగలా ఊపింది. నా నోరు ఊరుకోలేదు.

"మెల్లగమ్మా. అట్ల ఊపితే లోపల కణాలు పగుల్తాయి. పగిలినాక అది నిజం చెప్పదు."

ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఎవురు చెప్పినారవ్వా నీకు?"

"మా గొడ్ల డాక్టరు."

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి బస్టాండు వైపు నడుస్తుంటే ఆ నవ్వు నిలవలేదు. ఆ డాక్టరు లేదన్న సంగతి ఈ వానాకాలంలోనే నాకు తెలిసింది. అప్పటికే ఆమె పోయి చాలా నెలలైందట. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రి కాంపౌండరు, మా ఆవుకు సూది వేస్తూ వేస్తూ, అందరికీ తెలిసిన మాటే అన్నట్టు చెప్పాడు. నేను ఆ ఆవు కొమ్ము పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. మా వైపు ఊళ్లలో ఆ పేరు చెప్పినా చాలామందికి తెలియదు. నెత్తురు మేడమ్ అంటే తెలుస్తుంది. నంద్యాలలో పశువుల జబ్బులు కనిపెట్టే ల్యాబులో డాక్టరుగా ఉండేది. ఉయ్యాలవాడ వైపు మనిషి. మాట కూడా ఆ వైపుదే, మెత్తదనం లేదు. ఎంత చదివినా, ఎన్ని ఊళ్లలో పనిచేసినా ఆ మాట మారలేదు.

పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, పైన తెల్లకోటు వేసుకునేది. కోటు కుడి జేబులో నెత్తురు గొట్టాలు, ఎడమ జేబులో పుట్నాలు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆరనిచ్చి, అప్పుడు ఒక్కొక్క పుట్నం నోట్లో వేసుకుంటూ ఆలోచించేది. నమలడం ఆగిందంటే ఏదో తట్టిందని అర్థం. ల్యాబులో పనిచేసేవాళ్లు ఆమె దవడను చూసి మాట్లాడాలో వద్దో తేల్చుకునేవాళ్లు.

కొట్టంలోకి వస్తే ముందు మనుషులను పలకరించేది కాదు. గొడ్డు చెవి మొదట్లో అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. "ఏమ్మా" అని దాన్ని అడిగేది. ఆ తర్వాతే మా వైపు తిరిగేది.

"ఊఁ, ఇంగ మీరు చెప్పండి, మీ అబద్ధాలు."

నిజానికి మేము అబద్ధాలే చెప్పేవాళ్లం. పసరు తాగించి తాగించలేదనేవాళ్లం, వాత పెట్టించి పెట్టించలేదనేవాళ్లం. డాక్టరు తిడుతుందని. ఆమె ఎటూ తిట్టేది.

ఇంత పెద్ద పశువుల డాక్టరుకు కుక్కలంటే భయం. కోడెదూడ ముక్కుతాడు పట్టి వంచే మనిషి, వీధి మొగదల జీపు ఆపించి, "కుక్కను కట్టేయండప్పా, కట్టేస్తేనే దిగుతా" అని కేకేసేది. కట్టేసిన కుక్కకు కూడా చుట్టు తిరిగి వచ్చేది. చిన్నప్పుడు కరిచిందా మేడమ్ అని అడిగితే, "కరిచేదేముంది, దాని మొగం నాకు నచ్చదు" అంది.

గొట్టం మీద గొడ్డు పేరు ఉండాలి. నంబరు వేస్తే ఒప్పుకునేది కాదు. పేరు లేని గొర్రె అయితే అక్కడే పేరు పెట్టమనేది. మా ఊళ్లో గొర్రెలకు శిబిరం పెట్టినప్పుడే నేను ఆమెను మొదట చూసింది. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పొదుపు సంఘంలో సంతకం పెట్టడానికని మొదలుపెట్టి, ఆపలేక, గుణింతాలన్నీ నేర్చుకున్నాను. ఆ రోజు మా గొర్రె నెత్తురు తీసి, ఆమె నా చేతికి కలం ఇచ్చి, "నువ్వు రాయి" అంది. నేను మెల్లగా, ఒత్తి ఒత్తి రాస్తుంటే వెనక గొర్రెల వాళ్లు విసుక్కున్నారు. ఆమె పుట్నాలు నములుతూ నిలబడింది. "రాయనియ్యండప్పా, అది దాని పేరు. ఊరికే వస్తాదా" అంది.

ఆమెకు ఓర్పు ఎక్కువని దీన్నిబట్టి ఎవరూ అనుకోవద్దు. ఓర్పు ఆమెకు గొడ్ల దగ్గరే. మనుషుల దగ్గర, అందులోనూ మగవాళ్ల దగ్గర, అస్సలు లేదు. ఒకసారి నేను ల్యాబులో ఉండగా బండలాగుడు పందేలకు ఎద్దులను తిప్పే పెద్దరైతు ఒకాయన వచ్చాడు. ఎద్దు గుండెకు ఏదో అయిందని ఆయన దిగులు. యాడనో చేయించిన నెత్తురు పరీక్ష కాగితం తెచ్చాడు.

"ఈ నెత్తురు ఎప్పుడు తీసినారన్నా?"

"నిన్న సాయంత్రం మేడమ్."

"పొద్దున ఏం చేసింది ఎద్దు?"

"బండ లాగింది. ఊరికే, అలవాటుకు."

"నువ్వు దినమంతా మూటలు మోసి, మాపున ఒళ్లు నొప్పులంటే నీకు గుండెజబ్బని రాయల్లనా? పో. నాలుగు దినాలు ఊరికే కట్టేసి మళ్లీ రా. మేతెయ్యి. దాని ముందర పందేల మాటలు మాట్లాడొద్దు."

ఆయన మీసం కింద ఏదో అనుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడట. ఎద్దుకు ఏమీ లేదట.

ఇవన్నీ చూసినా, ఆమె ఏమిటో నాకు తెలిసింది మా చంద్రి పడినప్పుడే.

చంద్రి మా ఎనుము, గేదె. నుదుట తెల్లమచ్చ ఉంది. అప్పట్లో ఇంట్లో పాడి అంటే అదొక్కటే. అంతకుముందే మా ఆయన కొట్టంలో బేతంచెర్ల బండలు పరిపించాడు. పేడ ఎత్తడం సులువని, నీళ్లు కొడితే శుభ్రమైపోతుందని. ఊళ్లో అందరూ వచ్చి చూసిపోయారు. చంద్రి రెండో ఈత ఆ బండల మీదే ఈనింది. ఈనినాక పడిపోయింది. మా ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రి డాక్టరు సున్నం సెలైను, అదే కాల్షియం, ఎక్కించాడు. తల ఎత్తింది, మేత అందుకుంది, కానీ వెనకకాళ్లు లేవలేదు.

మా ఊళ్లో ఒక అలవాటుంది. పడిన గొడ్డును లేపడానికి పిలిస్తే రానివాడు ఉండడు. మాటల్లేని ఇళ్లవాళ్లు కూడా వస్తారు. వచ్చి, లేపి, మాట్లాడకుండానే పోతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మగవాళ్లంతా చేరి, చంద్రి కడుపు కింద గోనెపట్టాలు దూర్చి, వెదురుబొంగులు కట్టి ఎత్తేవాళ్లు. అది గాల్లో వేలాడేది. కాళ్లు నేలకు ఆనించేది కాదు. చేతులు నొప్పి పుట్టి వదిలితే బండల మీద ధబీమని పడేది. మళ్లీ ఎత్తేవాళ్లు. దూడకు మేము చెంబుతో పాలు పట్టేవాళ్లం.

ఆళ్లగడ్డలో మందుల అంగడి నడిపే మా మామ ఒకాయన మంచి మనసుతో నెత్తురు తీయించి, మనుషులకు పరీక్షలు చేసే చోట ఇచ్చాడు. కార్జం చెడిందో లేదో చూసే ఎస్‌జీఓటీ అని ఒకటి చేశారు. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందని వచ్చింది.

"కార్జం పోయింది, ఇంగ ఇది లేయదు" అన్నాడు మామ.

మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి, "సంతకు బేరగాడొస్తాడు. బండి తెస్తాడంట. ఇచ్చేద్దాం" అన్నాడు, గోడను చూస్తూ. బండి అంటే ఎక్కడికి పోయే బండో ఇద్దరికీ తెలుసు.

నేను కాగితం తీసుకుని నంద్యాల బస్సెక్కాను.

ఎనుము పడిందని చెప్పాను. మేడమ్ కాగితం ముట్టుకోలేదు. "పేరేంది?" అంది.

"చంద్రి."

"యాడ పడింది? కింద ఏముంది?"

"బేతంచెర్ల బండలు మేడమ్."

నమలడం ఆగింది. "పాలిష్ పట్టినవా?"

"ఔ మేడమ్."

"దానికేమన్నా ఆడ పెండ్లి చేస్తాండారా?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "లేపుతాండారా?"

"పొద్దున, మాపున. ఊరంతా వస్తాండారు మేడమ్."

ఆ మధ్యాహ్నమే జీపులో వచ్చింది. మా వీధి కుక్కలను పట్టి కట్టేసరికి కొంతసేపు పట్టింది. కొట్టం దగ్గర అప్పుడే మగవాళ్లు చేరి ఎత్తుతున్నారు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. చంద్రి గాల్లోకి లేచింది, వేలాడింది, మూలిగింది.

"దించండప్పా," అంది మేడమ్. "మెల్లగ. మెల్లగ దించండి."

వాళ్లు దించారు. ఆమె పోయి చెవి దగ్గర చెయ్యి పెట్టి కూర్చుంది. తర్వాత మెడ దగ్గర నెత్తురు తీసి, గొట్టాన్ని అరచేతిలో నిలబెట్టి పట్టుకుని, మా ఆయనను పిలిచింది.

"అన్నా, ఇను. కార్జం ఒక ఇల్లు. కండ ఒక ఇల్లు. నెత్తురు ఆ రెండిండ్ల ముందర వీధి. ఇంటి గోడ కూల్తే లోపలుండే గింజలు వీధిలో పడతాయి. మీ కాగితంలో ఉండేది జొన్నలు. జొన్నలు రెండిండ్లలోనూ ఉంటాయి. వీధిలో జొన్నలు చూసి, కార్జం ఇల్లే కూలిందని ఎట్ల చెప్తారు?"

"మరెట్ల తెలుస్తాది మేడమ్?"

"కార్జం ఇంట్లో కొర్రలుంటాయి, కండ ఇంట్లో ఉండవు. కండ ఇంట్లో శనక్కాయలుంటాయి, కార్జం ఇంట్లో ఉండవు. ఈ నెత్తుట్లో ఏమున్నాయో పోయి చూస్తా. అంతలోపల దీన్ని ఈ బండల మీంచి తియ్యండి. మట్టి మీద, వరిగడ్డి మందంగా పరిచి పండుకోబెట్టల్ల."

"ఎట్ల తీసేది మేడమ్, లేయదు కదా?"

"తలుపు పీకండి."

"ఏ తలుపు?"

"మీ ఇంటి తలుపే. దాని మీదికి దొర్లించి ఈడ్చండి. ఇంతమంది ఉండారు, మీ బలం నాకు కావల్ల. ఊరికే పోవద్దు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను. మా పెద్దలు చేయించిన టేకు తలుపు అది. మగవాళ్లే దాన్ని చీలల నుంచి ఎత్తి తెచ్చారు. చంద్రిని దాని మీద వేప చెట్టు కిందికి ఈడ్చారు. ఆ పూట మా ఇల్లు నోరు తెరుచుకుని ఉంది.

మరునాడు ఫోన్ చేసింది. "కొర్రల్లేవక్కా. అంతా శనక్కాయలే. కార్జం బంగారు మాదిరుంది. కూల్తాండేది కండ."

"ఎందుకు కూల్తాంది మేడమ్?"

"బండ సగం. మీరు ఎత్తి పడేసేది సగం. మీరేం తప్పు చేయలేదు, మంచికే చేసినారు. కానీ ఇంగ ఎవురూ ఎత్తొద్దు. పూటకొకసారి ఆ పక్కనుంచి ఈ పక్కకు తిప్పండి, అంతే. బేరగాడొస్తాడంటివి కదా, వాణ్ణి సంతదాకా ఆపు. ఆలోపల ఇంకోసారి నెత్తురు చూద్దాం. ఒకసారి చూస్తే మనిషి యాడ నిలబడినాడో తెలుస్తాది. రెండోసారి చూస్తే ఎటు పోతాండాడో తెలుస్తాది."

ఊరివాళ్లతో ఈ మాట చెప్పడం కష్టమైంది. ఆ సాయంత్రం వాళ్లు మామూలుగా వచ్చారు. గోనెపట్టాలు కూడా తెచ్చారు. వద్దన్నాను. మా వీధి పెద్దాయన ఒకాయనకు కోపం వచ్చింది. "సాయం చేస్తే చెడిపోతాదని యాడన్నా ఉందా? మా తాత కాలంనుంచి లేపుతాండాం." "ఈ కొన్నాళ్లు ఓర్చుకోండి మామా" అన్నాను. వాళ్లు కాసేపు దూరంగా నిలబడి, చంద్రిని చూసి వెళ్లిపోయారు. ఆ రోజు ఎవరూ టీ కూడా తాగలేదు.

రెండోసారి కాంపౌండరు నెత్తురు తీశాడు. నంద్యాలకు చేర్చడం నా పని. "ఊపొద్దు. ఎండ తగలనియ్యొద్దు. పెండ్లికూతుర్ని తెచ్చినట్టు తే" అని మేడమ్ ముందే చెప్పింది. తడిగుడ్డ చుట్టిన గొట్టాన్ని చెంబులో నిలబెట్టి, చెంబును రొమ్ముకు ఆనించుకుని బస్సెక్కాను. కూర్చోవడానికి చోటు లేదు. బస్సు గుంతలో పడినప్పుడల్లా నేను మునివేళ్ల మీద లేచేదాన్ని.

పక్క సీటులో ఒకతను అడిగాడు. "ఏందక్కా చెంబులో? తీర్థమా?"

"మా ఎనుము నెత్తురప్పా."

ఆయన చప్పున లేచి నాకు చోటిచ్చాడు. ఆయన పక్కనున్న ఆయన కూడా లేచాడు. చంద్రి నెత్తురు, నేను, ఇద్దరి సీటులో హాయిగా నంద్యాల చేరాం.

ల్యాబులో నన్ను కూర్చోబెట్టి, గుప్పెడు పుట్నాలు చేతిలో పోసి లోపలికి పోయింది. నేను ఒక్కటీ తినలేకపోయాను. వచ్చేటప్పటికి ఆమె దవడ కదలడం లేదు.

"జొన్నలు తగ్గలేదు," అంది.

నా చేతిలో పుట్నాలు నేల మీద పడ్డాయి.

"పూర్తిగా ఇను ముందర. శనక్కాయలు బాగా తగ్గినాయి."

ఇదే మాట మా ఆయనకు ఫోన్లో నేను చెబితే అర్థం చేసుకోలేదు. "జొన్నలు అట్లనే ఉండాయంటాండావు, ఇంగ తగ్గిందేంది? బేరగానికేం చెప్పేది?" అన్నాడు. మేడమ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అన్నా, వీధిలో శనక్కాయలు పడితే ఎంతసేపుంటాయి? పిల్లోళ్లు, ఉడతలు గంటలో ఎత్తుకపోతారు. జొన్నలు? దుమ్ములో కలిసి ఎన్నో దినాలు పడుంటాయి. ఈ పొద్దు వీధిలో శనక్కాయలు ఇంత తగ్గినాయంటే, కొత్తగా గోడ కూల్తాలేదని. జొన్నలు పాతవి. అవి మెల్లగ పోతాయి."

అటువైపు మా ఆయన ఏదో అడిగాడు.

"లేస్తాదని నేను చెప్పలేదన్నా. కూలేది ఆగిందని చెప్పినా. లేసేది దాని ఇష్టం."

ఇంకాసేపు విని, ఫోన్ నాకిచ్చింది. మా ఆయన "బేరగానికి వద్దని చెప్తాలే" అన్నాడు.

సంత వచ్చింది, పోయింది. చంద్రి లేవలేదు. మేత తినేది, నెమరేసేది, కళ్లు తేటగా ఉండేవి, వెనకకాళ్లు మాత్రం కదిలేవి కావు. "నెత్తురు మేడమ్ గింజలు ఏరుతాంది, ఎనుము పండుకోనే ఉంది" అని వీధిలో ఒక మాట పుట్టింది.

ఒక సాయంత్రం ఎవరూ పిలవకుండానే ఆమె వచ్చింది. ఏదో ఊరికి పోయి తిరిగి వెళుతూ ఆగిందట. వేప చెట్టు కింద, గడ్డి మీద, చంద్రి పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. తెల్లకోటుకు పేడ అంటినా చూసుకోలేదు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చి, అన్ని రోజులుగా నోట్లో ఉన్న మాట అడిగాను.

"లేయకపోతే ఏం మేడమ్?"

ఆమె చంద్రి చెవి మొదట్లో చెయ్యి తీయలేదు. "లేయకపోతే నాకు చెప్పు. నేనే వస్తా. నొప్పి లేకుండా పంపిస్తా. బండి మాత్రం ఎక్కియ్యొద్దక్కా. పడిన గొడ్డును బండ్లోకి ఎట్ల ఎక్కిస్తారో నేను చూసినా."

పోయేటప్పుడు కూడా ధైర్యం చెప్పలేదు. తెలియనిది చెప్పే మనిషి కాదు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను తొట్టిలో కుడితి పోస్తున్నాను. చంద్రి మెడ ముందుకు చాచింది. తొట్టి కోసమనుకున్నాను. వెనకభాగం కదిలింది. కొంచెం లేచి, కూలబడింది. జనాన్ని పిలవాలని నోరు తెరిచాను. పిలవకుండా మూసుకున్నాను. మళ్లీ మెడ చాచింది. వెనకకాళ్లు వణుకుతూ నిలబడ్డాయి. ముందు మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. ఊపిరి బుసలు కొడుతోంది. మా ఆయన కొట్టం గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎక్కడ పోయి పట్టుకుంటాడో అని నాకు భయమేసింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

ఒక ముందుకాలు మోపింది. రెండోది మోపింది. నిలబడింది.

నాకు ఫోన్ చేయడం చేతకాలేదు, నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మా ఆయనే కలిపి ఇచ్చాడు.

"మేడమ్, లేసింది."

"ఎవురన్నా చెయ్యేసినారా?"

"లేదు మేడమ్."

"మీ ఆయన?"

"చేతులు యెనక్కి పట్టుకొని నిలబడినాడు."

"ఊఁ," అంది. "ఈ పూట మీరు పిండొద్దు. దూడనిడుచు."

మా ఆయన దూడ తాడు విప్పాడు. అది గెంతుతూ వచ్చి, పొదుగు వెతుక్కుని, తల పెట్టి కుమ్మింది. చంద్రి తూలింది. చంద్రి కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలదొక్కుకుంది.

"తాగుతాందా?" అంది మేడమ్.

"తాగుతాంది మేడమ్."

"తోక ఆడిస్తాందా?"

"ఆడిస్తాంది."

ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకుని చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ల్యాబులో ఎవరో తలుపు తీసిన చప్పుడు, ఎవరో ఆమెను పిలవడం, ఆమె "ఆగప్పా" అనడం వినిపించాయి. దూడ కడుపు నిండి, మూతి నిండా నురుగుతో పక్కకు జరిగేదాకా ఆమె ఫోన్ పెట్టలేదు.